క్లాసిక్ ఆల్బమ్ మీద మాట చెప్పేముందు: వినే పద్ధతి

ఇరానీ హోటల్లో చాయ్ ముందు కూర్చుని ఒకరు "అంతకు మించిన ఆల్బమ్ లేదు" అంటారు, ఇంకొకరు "అందులో ఏముందని?" అంటారు. అప్పుడు ముందుగా అడగాల్సింది ఇద్దరూ విన్నది ఒకటేనా అని. ఒకరు 1967 నాటి మోనో మిక్స్ (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది) విని ఉంటారు, ఇంకొకరు మెట్రోలో షఫుల్ మీద ఓ నాలుగు పాటలు విని ఉంటారు. ఆల్బమ్‌ల మీద సగం గొడవలు ఇలాంటివే. అభిరుచి దాకా వెళ్లకముందే తేడా వచ్చేసి ఉంటుంది. అందుకే అభిప్రాయం సంగతి తర్వాత, వినడం సంగతి ముందు.

ఏ ప్రతి వింటున్నారో తేల్చుకోండి

యాప్‌లో పాత ఆల్బమ్ పేరు కొడితే రీమాస్టర్, డీలక్స్, యానివర్సరీ అంటూ నాలుగైదు ప్రతులు కనిపిస్తాయి. పైన వచ్చిందే నొక్కేయకండి. అసలు ఎల్పీలో (రెండు వైపులా పాటలుండే పాతకాలపు రికార్డులో) ఎన్ని ట్రాకులున్నాయి, మొదటి వైపు ఏ ట్రాకుతో అయిపోయింది అన్నవి రెండూ చూసి కాగితం మీద రాసుకోండి. ఎల్పీ ఒక్కో వైపు సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఆ రోజుల్లో ఆల్బమ్ కూర్చినవాళ్లు ఆ కొలతను మనసులో పెట్టుకునే కూర్చారు. రెండో వైపు మొదలయ్యేచోట ఒక నిమిషం ఆపండి.

జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ (1959)లో అసలు ఉన్నవి అయిదు ట్రాకులే. ఇప్పటి ప్రతుల్లో ‘ఫ్లమెంకో స్కెచెస్’ ఇంకో టేకు ఆరోదిగా తగిలిస్తారు. బాగానే ఉంటుంది, కానీ దాన్ని ఇంకో రోజుకు ఉంచుకోండి. ఈ ఆల్బమ్‌తో ఇంకో చిక్కుంది. మొదటి వైపు మూడు ట్రాకులూ రికార్డయిన 1959 మార్చి 2న టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో ఆ టేపును సరైన వేగంతో తిప్పి చేసిన ఎల్పీలో ఆ మూడూ అసలు శృతికన్నా కొంచెం పైన పడ్డాయి. 1992 రీఇష్యూలో సరిచేశారు. పాత ఎల్పీ పెట్టుకుని కీబోర్డు మీద మొదటి ట్రాకు ‘సో వాట్’ పట్టుకుందామంటే శృతి కలవదు. తప్పు మీ చెవిది కాదు.

బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ (1967) మోనో, స్టీరియో మిక్స్‌లు వేరువేరు. బ్యాండు వాళ్లు శ్రద్ధ పెట్టింది మోనో మీదే. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ మోనోలో వేగంగా, అరస్వరం పైన ఉంటుంది. స్టీరియోలో సాగదీసినట్టుందని ఎవరైనా అంటే వాళ్లన్నదీ నిజమే. బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ (1966) అయితే మోనోలోనే వినండి. పాటలు కూర్చిన బ్రయాన్ విల్సన్‌కు కుడిచెవి వినపడేది కాదు, అతను మనసులో విన్నది మోనోనే. స్టీరియో 1990లలో ఇంకొకరు చేసింది.

యాప్ సెట్టింగులు, గది

షఫుల్, ఆటోప్లే, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను ఇంకో పాట మొదలుతో కలిపేది) ఆపేయండి. గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రాకుండా చూసేది) ఆన్‌లో ఉంచండి. వాల్యూమ్ నార్మలైజేషన్ కూడా ఆపండి. లేకపోతే కొన్ని యాప్‌లలో, ముఖ్యంగా పాటలు ప్లేలిస్టులో పడితే, నెమ్మది పాటనూ గోల పాటనూ ఒకే ఎత్తుకు తెస్తుంది. పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ (1973) ఈ సెట్టింగులన్నిటినీ ఒకేసారి పరీక్షిస్తుంది. గుండె చప్పుడుతో మొదలై దానితోనే ముగిసే 43 నిమిషాల ఆల్బమ్ అది. ఒకే వైపు ట్రాకుల మధ్య అర సెకను ఖాళీ వినిపించినా మీ సెట్టింగ్ తప్పినట్టే.

మన ఫ్లాట్లలో అసలు శత్రువు విట్రిఫైడ్ టైల్స్. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. "టింగ్" అని మోగితే ఆ మోతంతా పాట మీదకూ వస్తుంది. స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద ఒక జంపఖానా పరచండి, కిటికీకి మందపాటి తెర వేయండి, సగం తేడా అక్కడే తెలుస్తుంది. రెండు స్పీకర్లూ మీరూ సమత్రిభుజంలో ఉండాలి, మధ్య ఎడం ఆరేడు అడుగులు, ఎత్తు కూర్చున్నప్పుడు చెవి ఎత్తు. గోడకు ఆనిస్తే బేస్ ఉబ్బుతుంది, ఒక అడుగైనా ముందుకు జరపండి.

ఫ్యాను అయిదు మీద తిరుగుతుంటే జాజ్‌లో బ్రష్‌లతో వాయించే డ్రమ్ము, తంబుర చివరి మోత రెండూ దాని కింద పోతాయి. రెండు మీద పెట్టండి. మే నెలలో అది కుదరదంటారా, తెల్లవారుజామున అయిదింటికి వినండి, నగరంలో అంతకన్నా నిశ్శబ్దం దొరకదు. కూర్చున్నచోట ఫోన్ యాప్‌తో కొలిస్తే 70–75 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. ఆల్బమ్‌ను మూడుసార్లు వినాలి (ఎలాగో కింద ఉంది), మూడుసార్లూ అదే వాల్యూమ్ ఉంచండి. ఎక్కువ వాల్యూమ్‌లో ఏదైనా బాగున్నట్టే అనిపిస్తుంది.

ఎల్పీ మీద వినేవాళ్లకు

హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో రికార్డు దొరికితే కవరు చూసి మురిసిపోకండి. డిస్కును కవర్లోంచి తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. గీత మీద గోరు ఆనితే తగిలితే వదిలేయండి, అది టక్ టక్ మంటూనే ఉంటుంది. వెంట్రుకల్లాంటి సన్నని గీతలు పర్లేదు. తెల్లటి మచ్చలు వానాకాలపు బూజు, కడిగితే చాలావరకు పోతుంది. పావు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంటే గుండ్రంగా తుడవండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి నీడలో నిలబెట్టండి. బోరు నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు గాళ్లలోనే మిగులుతుంది. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులకు స్పిరిట్ తగలనివ్వకండి, కరుగుతాయి. వాటికి ఎల్పీ ముల్లు కూడా పనికిరాదు, గాడి వెడల్పు వేరు.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన పాత టర్న్‌టేబుల్‌తో ఇక్కడ తరచూ వచ్చే కష్టం వేగం. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది గానీ హెర్ట్జ్ మారదు. పాత సింక్రనస్ మోటారైతే (కరెంటు హెర్ట్జ్‌ను బట్టే తిరిగేది) ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. పరీక్ష తేలిక. ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) అంచున చిన్న స్టిక్కర్ అంటించి మూడు నిమిషాలు లెక్కపెట్టండి. 33 1/3 వేగానికి సరిగ్గా 100 చుట్లు రావాలి. 83 వచ్చాయంటే సంగతి ఇదే. వాణీ జయరామ్ గొంతు మూడు స్వరస్థానాలు దిగిపోయి వినిపిస్తుంది. 50 హెర్ట్జ్ పుల్లీ వేయించాలి. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారుకు ఈ బాధ లేదు. శబ్దం పల్చగా, బేస్ లేకుండా, సన్నగా వస్తే మాత్రం ఫోనో ప్రీయాంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచేది) లేదన్నమాట. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. ముల్లు బరువు కార్ట్రిడ్జ్‌తో (ముల్లు బిగించి ఉండే భాగం) వచ్చిన కాగితం మీద ఎంత రాసి ఉంటే అంతే పెట్టండి. చాలావాటికి ఒకటిన్నర, రెండు గ్రాముల మధ్య ఉంటుంది. తగ్గిస్తే రికార్డు బాగుంటుందని కొందరంటారు. నిజానికి తేలికైన ముల్లు ఎగిరెగిరి పడి గాడిని ఎక్కువ పాడుచేస్తుంది.

మూడుసార్లు

మొదటిసారి చేతిలో ఏమీ పెట్టుకోకండి, ఫోను పక్క గదిలో. ధ్యాస ఎక్కడ తప్పిందో మాత్రం గుర్తుపెట్టుకుని అయిపోయాక రాయండి. రెండోసారి రెండు రోజులాగి, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని. మూడోసారి వారం తర్వాత, ఈ మధ్యలో ఏ ట్రాకు తనంతట తాను నోట్లో ఆడిందో చూసుకుని. సమీక్షలు, టాప్ వంద జాబితాలు మూడోసారి దాకా చదవద్దు. ఫలానా సోలో గొప్పదని ముందే చదివినవాడు దానికోసం ఎదురుచూస్తూ ముందున్నదంతా వదిలేస్తాడు.

ఏ సంగీతానికి ఏ కొలత

ఒకే కొలతతో అన్నీ కొలిస్తే సగం ఆల్బమ్‌లకు అన్యాయం జరుగుతుంది. జాజ్‌లో నిర్మాణం పట్టుకోకపోతే అంతా ఒకేలా వినిపిస్తుంది. ‘సో వాట్’కు ఆదితాళం వేసి చూడండి. ముందున్న పరిచయం అయిపోయి బేస్ పల్లవి అందుకున్నప్పటి నుంచి, ఒక్కో బీటుకు ఒక్కో క్రియ. ఎనిమిది ఆవర్తనాల దాకా స్వరాలు మన ఖరహరప్రియవే. తర్వాత నాలుగు ఆవర్తనాలు షడ్జమమే అరస్వరం పైకి జరుగుతుంది. మళ్లీ నాలుగు ఆవర్తనాలు మొదటి చోటికి. ట్రంపెట్ సోలో వచ్చినా సాక్సోఫోన్ వచ్చినా ఈ చట్రం మారదు. గమకం లేదు కాబట్టి రాగంగా వినకండి, కానీ ఆ జరుగుడు ఒక్కసారి పట్టుబడ్డాక మైల్స్ ఎంత తక్కువ స్వరాలతో ఎంత చెప్పాడో తెలుస్తుంది. సంగీతం నేర్చుకున్న తెలుగువాళ్లు జాజ్‌లోకి రావడానికి ఇంతకన్నా మంచి గుమ్మం లేదు.

‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ (1967) గొర్రెల కాపరి ఒక రోజు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్. పొద్దున అహిర్ భైరవ్‌తో మొదలై పహాడీతో ముగుస్తుంది. మన లెక్కలో అహిర్ భైరవ్ చక్రవాకం, మధ్యలో వచ్చే భూప్ మోహనం. షఫుల్ చేస్తే రోజంతా తలకిందులు. సీడీ ప్రతిలో చివర కలిపిన అదనపు ట్రాకులు ఆ కథలోవి కావు, పహాడీ దగ్గర ఆపేయండి. శాస్త్రీయం తెలిసినవాళ్లు దీన్ని తేలికపాటి సరుకు అనడం తెలిసిందే. ఒక్కో రాగానికి ఇచ్చిన సమయం తక్కువే, నిజం. కానీ కచేరీ కొలత దీనికెందుకు?

‘శంకరాభరణం’ (1980)తోనూ ఇదే తగువు. కచేరీలో అరగంట సాగగల ‘బ్రోచేవారెవరురా’ ఇక్కడ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని మహాదేవన్ మీద లోపంగా వేయకండి. వేటూరి కొత్త పాటలూ, సదాశివ బ్రహ్మేంద్రుల ‘మానస సంచరరే’, రామదాసు కీర్తన పక్కపక్కన ఉన్నా అతుకు కనపడకపోవడం చూడండి. ఆల్బమ్‌గా దాని గొప్పతనం అక్కడుంది. ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ (1986) త్యాగరాజుకూ జర్మన్ స్వరకర్త బాక్‌కూ అంకితం. వినేముందు బాక్ సోలో వయొలిన్ పార్టీటాలు (ఒక్క వయొలిన్‌కే రాసిన రచనలు) కాసేపు వినండి. అప్పుడు వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ఎక్కడ ఆయన్ని పలకరిస్తుందో, ఎక్కడ పక్కకు తప్పుకుంటుందో దొరుకుతుంది.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం మన ఇళ్లలో విన్నవాళ్లున్నారంటే నమ్మడం కష్టం. పళ్లు తోముకుంటూ, పాలప్యాకెట్ తీస్తూ చెవిన పడిందే తప్ప కూర్చుని విన్నది లేదు. ఒకసారి రాత్రి ఎనిమిదింటికి దీపం తగ్గించి హెడ్‌ఫోన్స్‌లో పెట్టండి. పక్కన రాధా విశ్వనాథన్ గొంతు ఎక్కడ కలిసి ఎక్కడ విడివడుతుందో వెతకండి. బాలాజీ పంచరత్నమాల అయిదు ఎల్పీలనూ మాత్రం ఒకే బిగిన వినకండి, రోజుకొకటి.

పియానో వాద్యకారుడు గ్లెన్ గూల్డ్ వాయించిన బాక్ రచన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ రెండున్నాయి. 1955 రికార్డింగు 38 నిమిషాలు, 1981ది 51. ముందు 1981ది వినండి. కుర్రతనపు వేగం ముందు వింటే రెండోది నిద్రగా తోస్తుంది. నా ఓటు రెండోదానికే. హిప్‌హాప్‌కు రెండో వినికిడే అసలు వినికిడి: నాస్ ‘ఇల్మాటిక్’ (1994) 40 నిమిషాలే, సాహిత్యం చేతిలో లేకుండా తీర్పు చెప్పకండి. మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ (1986)కు భయపడేవాళ్లు ‘ఒరియన్’తో మొదలుపెట్టవచ్చు, అందులో గొంతే లేదు. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ (1982)లో తొమ్మిదింట ఏడు సింగిల్స్‌గా వచ్చాయి. అది ఆల్బమ్ కన్నా పాటల కుప్ప, ‘ద గర్ల్ ఈజ్ మైన్’ తీసేసినా ఎవరికీ లోటుండదు. బ్రయాన్ ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ (1978)కు మాత్రం పైన చెప్పిన ధ్యాస లెక్క పనికిరాదు. వాల్యూమ్ తగ్గించి, పని చేసుకుంటూ వినండి. ధ్యాస పెట్టినా పెట్టకపోయినా సరిపోయేలా చేశారు దాన్ని.

‘సార్జెంట్ పెప్పర్స్’ అభిమానులు చాలామంది రెండో వైపు మొదటి పాట ‘విదిన్ యూ వితౌట్ యూ’ దాటేస్తారు. తంబుర, దిల్‌రుబా వినడం అలవాటైన మన చెవికి ఆల్బమ్‌లో నిలకడగా ఉన్న పాట అదే.

రాయడం

పోస్టుకార్డంత కాగితం చాలు. ఆల్బమ్, ఏ సంవత్సరపు ప్రతి, దేని మీద విన్నారు, తేదీ. తర్వాత ఒక్కో వైపుకు ఒక్కో వాక్యం. నచ్చిన చోటును నిమిషం, సెకనుతో సహా రాయండి. "అద్భుతం", "ఫీల్ ఉంది", "సోల్ లేదు" అన్న మాటలు వద్దు, వాటిని ఏ ఆల్బమ్‌కైనా అంటించవచ్చు. "డ్రమ్స్ ఆగిన చోట పాట బరువు తగ్గింది" అన్నది ఎదుటివాడు విని కాదనగలిగిన మాట. పదికి ఎన్ని అని మార్కులు వేయకండి. వేసి తీరాలనిపిస్తే కనీసం ఒకే రకం సంగీతంలో మాత్రం పోల్చండి.

మూడోసారికీ మనసుకు ఏమీ పట్టలేదంటే కార్డు మీద అదే రాసి పక్కన పెట్టండి, బలవంతంగా నాలుగోసారి వినకండి. ఆరు నెలల తర్వాత అదే ప్రతి, అదే వాల్యూమ్‌లో పెట్టి కొత్త తేదీ వేసి కార్డు వెనకవైపు రాయండి. ముందు వైపున్నది కొట్టేయవద్దు.