పాత ఉబుంటులో ఏదీ ఇన్‌స్టాల్ అవ్వట్లేదా? ఈ అడ్రస్ మార్చండి

పాలకొల్లులో మా మావయ్య పెళ్లికార్డుల షాపులో కంప్యూటర్ మీద ఇప్పటికీ ఉబుంటు 19.10 (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే) నడుస్తోంది. మాఘమాసం, చేతినిండా ఆర్డర్లు, పోతన ఫాంటు కావాల్సొచ్చి ఇన్‌స్టాల్ కొడితే వరసపెట్టి "404 నాట్ ఫౌండ్" అని వచ్చింది. "నెట్ బానే వస్తోంది కదరా అబ్బాయ్, మరిదేంటి?" అని మావయ్యకి ఒకటే టెన్షన్.

తప్పు నెట్‌ది కాదు. ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చే వెర్షన్) కాని ఉబుంటు వెర్షన్లకి 9 నెలలే అప్‌డేట్లు ఇస్తారు, 19.10 వచ్చింది 2019 అక్టోబరులో, 2020 జులైకల్లా దాని గడువు అయిపోయింది. అలా గడువు తీరినవాటి ప్యాకేజీల్ని, అంటే ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ ఫైళ్లని, మామూలు సర్వర్‌లోంచి తీసేసి పాత వెర్షన్ల సర్వర్‌లో దాస్తారు, మన కంప్యూటరేమో ఇంకా పాత అడ్రస్‌కే వెళ్తుంది.

ముందు సెట్టింగ్స్‌లో అబౌట్‌కి వెళ్లి మీది ఏ వెర్షనో చూసుకోండి. ఈటీసీ అనే సిస్టమ్ ఫోల్డర్‌లో ఆప్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో సోర్సెస్ డాట్ లిస్ట్ అనే ఫైలుకి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. తర్వాత టెర్మినల్‌లో ఆ ఫైలుని సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, నానో అనే ఎడిటర్‌లో తెరవండి. మన దేశం ఎంచుకుని ఇన్‌స్టాల్ చేసినవాళ్లకి "ఇన్ డాట్ ఆర్కైవ్ డాట్ ఉబుంటు డాట్ కామ్" అని చాలా లైన్లలో కనిపిస్తుంది, ఆ అడ్రస్ ఉన్న ప్రతిచోటా "ఓల్డ్-రిలీజెస్ డాట్ ఉబుంటు డాట్ కామ్" అని మార్చాలి, మధ్యలో ఆ చిన్న గీత తప్పకుండా ఉండాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కింద "సెక్యూరిటీ డాట్ ఉబుంటు డాట్ కామ్" అని ఉన్న లైన్లనీ అలాగే మార్చాలి, లేదంటే సగం ఎర్రర్లు మిగిలిపోతాయి. అడ్రస్ తర్వాత ఉండే వెర్షన్ పేరు జోలికి వెళ్లొద్దు. సేవ్ చేసి టెర్మినల్‌లో సుడో ఆప్ట్ అప్‌డేట్ అనే కమాండ్ కొట్టండి. ఇంకా 404 వస్తే అది బయటి పీపీఏ (ఉబుంటు వాళ్లది కాకుండా వేరేవాళ్లు పెట్టే ప్యాకేజీల అడ్రస్) అయ్యుంటుంది, దాన్ని ఆపేయండి.

ఇక ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీ వేస్తే పోతన, వేమన రెండూ వచ్చేశాయి.

కొత్త వెర్షన్ లైన్లు తెచ్చి ఈ ఫైల్లో కలపమని ఎవరైనా చెబితే వినొద్దు, గ్లిబ్‌సీ లాంటి మూల లైబ్రరీలు తారుమారై సిస్టమ్ మొత్తం పాడవుతుంది. పైగా ఈ పాత సర్వర్‌లో కొత్త సెక్యూరిటీ ప్యాచ్‌లేవీ రావు, అందుకే ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చెయ్యొద్దని మావయ్యకి గట్టిగా చెప్పాను. ఆషాఢంలో ఎలాగూ ముహూర్తాలుండవు, అప్పుడు డిజైన్ ఫైళ్లన్నీ హార్డ్‌డిస్క్‌లోకి తీసుకుని కొత్త ఎల్‌టీఎస్ వేస్తాం.