పని జరుగుతున్నా ఐడిల్ (ఖాళీగా ఉంది) అని చూపిస్తోందా? నా అనుభవం

మా ఆఫీసు లినక్స్ సర్వర్‌లో ఎక్కువసేపు ఖాళీగా ఉన్న సెషన్లను (లాగిన్లను) మూసేసే స్క్రిప్ట్ ఒకటి ఉండేది. ఒకరోజు తోటి ఉద్యోగి నడుపుతున్న బ్యాకప్ మధ్యలోనే తెగిపోయింది. "స్క్రీన్ మీద లైన్లు పరిగెడుతూనే ఉన్నాయండీ, ఐడిల్ ఎలా అవుతుంది?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

ఎవరు లాగిన్ అయ్యారో, ఎంతసేపుగా ఖాళీగా ఉన్నారో చూపే 'డబ్ల్యూ' (w) కమాండ్ మీదే మా స్క్రిప్ట్ ఆధారపడేది. అది ఐడిల్ లెక్క తీసేది మన ప్రోగ్రామ్ నడుస్తోందా లేదా అని చూసి కాదు, ఆ సెషన్ టెర్మినల్‌కు లినక్స్‌లో ఉండే ఫైల్ (టీటీవై) యాక్సెస్ టైమ్, అంటే దాన్ని చివరిసారి చదివిన సమయం చూసి. మనం కీ నొక్కితే అది మారుతుంది. తెర మీదికి వచ్చే అవుట్‌పుట్ మార్చేది మాడిఫై టైమ్‌ను, అంటే చివరిసారి రాసిన సమయాన్ని మాత్రమే. అలాంటి ఇంకో సెషన్ టెర్మినల్ ఫైల్ మీద, ఈ సమయాలు చూపే 'స్టాట్' (stat) కమాండ్ కొట్టి చూశాను. యాక్సెస్ పొద్దుటిది, మాడిఫై ఆ క్షణానిది!

డెస్క్‌టాప్ లాగిన్లది ఇంకో తిరకాసు. అక్కడ కీబోర్డును నేరుగా ఇన్‌పుట్ డివైస్ నుంచి చదువుతారు, టీటీవై జోలికి పోరు. మనిషి ఎదురుగా టైప్ చేస్తున్నా ఐడిల్ రోజుల్లో కనిపిస్తుంది.

అన్నట్టు, 'డబ్ల్యూ' చూపే ఐడిల్ కాలమ్‌లో 2:15 అంటే 2 నిమిషాల 15 సెకన్లు. చివర 'ఎం' (m) ఉంటేనే గంటలూ నిమిషాలూ. స్క్రిప్ట్ రాసేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

ఇప్పుడు మా స్క్రిప్ట్ రెండు టైముల్లో ఏది కొత్తదైతే దాన్నే తీసుకుంటుంది. డెస్క్‌టాప్ సెషన్లకు 'లాగిన్‌సీటీఎల్' (loginctl) కమాండ్ ఇచ్చే ఐడిల్ హింట్, అంటే సెషన్ ఖాళీగా ఉందో లేదో చెప్పే సూచన చూస్తుంది. అవుట్‌పుట్ కూడా రాని పొడవాటి పనులను మాత్రం టీమక్స్‌లో (tmux, లాగిన్ తెగినా పనిని కొనసాగించే ప్రోగ్రామ్) నడపమని అందరికీ చెప్పాను.