పరుగుకు ఏ ప్రొటీన్ డబ్బా కొనాలి?

అనంతపురంలో మాతో పొద్దున్నే పరిగెత్తే పిల్లలు షాపులో ముందు అడిగేది ఫ్లేవరే. చాక్లెట్టా, మ్యాంగోనా అని. ముందు డబ్బా వెనక్కి తిప్పండి సామీ! స్కూపు 30 గ్రాములైతే అందులో ప్రొటీన్ 22–24 గ్రాములు ఉండాలి. పదార్థాల వరుసలో గ్లైసిన్, టారిన్ విడిగా కనిపిస్తే నేనైతే అక్కడే పెట్టేసి వచ్చేస్తా. ప్రొటీన్ లెక్క ఎక్కువ చూపించడానికి చౌకగా కలిపేవి అవే. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు, సీలు కూడా చూసుకోండి. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్ పడనివాళ్లకు వే ఐసొలేట్ (పాల విరుగుడు నుంచి బాగా వడకట్టిన ప్రొటీన్) నయం, అందులో లాక్టోజ్ తక్కువ. పోటీలకు వెళ్లేవాళ్లు నిషేధిత మందుల కోసం పరీక్షించారని చెప్పే ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్ గుర్తున్నది తీసుకుంటే డోపింగ్ టెన్షన్ తగ్గుతుంది.

దూరం పరిగెత్తేవాళ్లకు రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ మామూలుగా సరిపోతుంది. 60 కిలోల మనిషికి 72–96 గ్రాములు. గుడ్లు, పప్పు, పెరుగు, గుప్పెడు బుడ్డలతో (వేరుశనగలతో) చాలావరకు వచ్చేస్తుంది. తక్కువైనంతకే పౌడర్. బుడ్డల్లో నూనె ఎక్కువ, పరుగుకు ముందు మాత్రం వద్దు.

గంట దాటిన పరుగులో కావాల్సింది షేక్ కాదు, గంటకు 30–60 గ్రాముల కార్బోహైడ్రేట్. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఏ డబ్బా కొనొద్దు.