వంటల పుస్తకాల్ని రంగుల ప్రకారం సర్దుకోవడం ఎలా?

మా ఇంట్లో వంటల పుస్తకాన్ని ఎవరూ పేరు పెట్టి అడగరు. "ఆ ఎర్రట్ట బుక్ ఎక్కడ పెట్టావే" అంటారు, లేకపోతే "నీలంగా లావుగా ఉంటుందే, దాంట్లో చూడు" అంటారు. రచయిత పేరు ఎవరికీ గుర్తుండదు, అట్ట రంగు మాత్రం ఇరవై ఏళ్ళైనా గుర్తుంటుంది. అందుకే పోయిన దసరా సెలవుల్లో నా దగ్గరున్న 52 వంటల పుస్తకాల్నీ రంగుల ప్రకారం సర్దేశా, ఒక పూట పట్టింది, అప్పట్నించీ వెతుక్కోవడం అన్న మాటే లేదు. చూడ్డానికి బాగుంటుంది అన్నది ఎలాగూ ఉంది, కానీ నేను చెప్పేది దొరకడం గురించి.

లైబ్రరీల్లో అయితే డ్యూయీ నంబర్ల పద్ధతిలో వంటల పుస్తకాలన్నీ 641.5 కింద పెడతారు, వేల పుస్తకాలున్న చోట అది కావాలి, తప్పదు. ఇంట్లో 30, 50, మహా అయితే 100. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడు రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు చెప్పారు కదా, వాటిల్లో నాలుగోది చదివేవాళ్ళ టైమ్ మిగల్చాలి అని. స్టవ్ మీద నూనె కాగుతుంటే పుస్తకం కోసం పరిగెత్తే మనిషికి టైమ్ మిగిల్చేది రంగే అని నా గట్టి నమ్మకం.

స్టెప్ 1: అన్నీ ఒక్కచోటికి తెచ్చేయండి

కిచెన్ అలమారాలో ఉన్నవి, టీవీ కింద ఉన్నవి, మంచం సొరుగులో ఉన్నవి, అటక మీద అట్టపెట్టెలో ఉన్నవి అన్నీ హాల్లో ఒక పాత దుప్పటి పరిచి దాని మీద పెట్టేయండి. నాకైతే ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నవి, విజయవాడ బుక్ ఫెస్టివల్‌లో కొన్నవి, పెళ్ళిలో వచ్చినవి, అమ్మ ఇచ్చినవి ఇలా నాలుగు రకాలు తేలాయి, రెండు పుస్తకాలు రెండేసి కాపీలు ఉన్నట్టు కూడా అప్పుడే తెలిసింది.

ఒక్కొక్కటీ పొడి బట్టతో తుడవండి. తడి బట్ట వద్దు. అట్ట మీద నూనె జిడ్డు ఉంటే కాస్త బియ్యప్పిండి గానీ టాల్కమ్ పౌడర్ గానీ చల్లి ఒక రాత్రి అట్లా వదిలేసి పొద్దున బ్రష్‌తో దులిపేస్తే చాలావరకు పీల్చేసుకుంటుంది. పసుపు మరకలకి మాత్రం సబ్బు నీళ్ళు తగలనివ్వకండి దయచేసి. నేను అమ్మ నోట్‌బుక్‌లో ఆవకాయ పేజీ మీద పసుపు మరకని సబ్బు బట్టతో తుడిచా, చూస్తుండగానే అది ఎర్రగా తిరిగింది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుంది కదా, అదే సంగతి ఇక్కడా, సబ్బులో ఉండే క్షారానికి పసుపు ఎర్రబడుతుంది. ఆ పేజీలో అమ్మ చేతిరాతతో "ఆవపిండి తవ్వ, కారం తవ్వ, ఉప్పు తవ్వకి కొంచెం వెలితి" అని రాసుంది, ఆ "వెలితి" అనే మాట మీదే ఆ ఎర్ర మచ్చ పడింది. అక్షరం కనపడుతోంది కాబట్టి సరిపోయింది. మరక ఉంటే ఉండనివ్వండి, అది ఆ పుస్తకం వంటింట్లో బతికింది అని చెప్పే గుర్తు.

స్టెప్ 2: అట్టలు విప్పండి

ఇది మన ఇళ్ళకే ఉన్న ఇబ్బంది. పుస్తకం కొనగానే బ్రౌన్ పేపర్‌తో అట్ట వేయడం మనకి బళ్ళో చేరినప్పట్నించీ అలవాటు, మా నాన్నగారైతే వంటల పుస్తకాలకి కూడా వేసి పైన స్కెచ్ పెన్‌తో పేరు రాసేవారు. అన్నీ ఒకే రంగులో ఉంటే ఇంక రంగుల ప్రకారం సర్దేదేముంది. కాబట్టి లోపల అసలు అట్ట బాగుంటే బ్రౌన్ పేపర్ తీసేయండి. చిరిగిపోయుంటే రంగు కాగితంతో కొత్త అట్ట వేయండి, ఏ రంగు అంటే ఇంట్లోవాళ్ళు ఆ పుస్తకాన్ని ఏ రంగుగా గుర్తుపెట్టుకున్నారో ఆ రంగే, మీకు నచ్చింది కాదు. సెల్లో టేప్ పుస్తకానికి నేరుగా అంటించకండి, నాలుగేళ్ళకి అది పచ్చబడి పెళుసెక్కి కాగితాన్ని కూడా ఊడబెరుకుతుంది.

అమ్మ నోట్‌బుక్‌కి నేను ఆవిడ పాత మంగళగిరి చీర కొంగులో మంచి ముక్క కత్తిరించి చుట్టా. అంటించలేదు, రెండు వైపులా లోపలికి మడిచి కుట్టానంతే, కావాలంటే తీసి ఉతుక్కోవచ్చు. వంకాయ రంగు చీర అది, కాబట్టి నోట్‌బుక్ కూడా వంకాయ రంగు గుంపులోకే వెళ్ళింది.

స్టెప్ 3: పిన్ కొట్టిన పుస్తకాల్ని వేరు చేయండి

ఇది త్వరగా అయిపోయే పని. 60, 80 పేజీల సన్న పుస్తకాలు ఉంటాయి, మధ్యలో రెండు పిన్నులు కొట్టి, వాటికి వెన్ను, అంటే నిలబెట్టినప్పుడు మనవైపు కనపడే అట్ట అంచు, ఉండదు, నిలబెడితే కనపడవు, వంగిపోతాయి కూడా. పేపర్లలో వీక్లీల్లో కత్తిరించి దాచుకున్న కాగితాలు కూడా ఇంతే. వీటికి రంగు రంగుల ఫైల్ బాక్సులు కొనుక్కుని పచ్చళ్ళవి ఎర్ర బాక్సులో, స్వీట్లవి పసుపు బాక్సులో, కూరలవి ఆకుపచ్చ బాక్సులో వేసేసి ఆయా రంగుల గుంపుల చివర నిలబెట్టేయండి. నా 52లో 14 ఇలాంటివే, మూడు బాక్సుల్లో పట్టేశాయి.

స్టెప్ 4: పగటి వెలుతురులో రంగులు విడదీయండి

రాత్రి లైటు కింద ఈ పని పెట్టుకోవద్దు. పసుపు బల్బు కింద తెలుపూ క్రీమూ ఒకటే అనిపిస్తాయి, నేవీ బ్లూ నల్లగా కనిపిస్తుంది, పొద్దున లేచి చూస్తే మళ్ళీ మొదటికి. పది పదకొండు గంటలప్పుడు కిటికీ పక్కన కూర్చోండి.

ముందు అట్ట ముందు భాగం కాదు, వెన్ను చూడాలి, షెల్ఫులో కనపడేది అదే. ముందు వైపు ఎర్రగా ఉండి వెన్ను తెల్లగా ఉండేవి చాలా ఉంటాయి, అవి తెల్లవాటిల్లోకే వెళ్ళాలి. వెన్ను మీద రెండు మూడు రంగులుంటే పుస్తకాన్ని ఆరడుగుల దూరంలో నిలబెట్టి కళ్ళు చికిలించి చూడండి, అప్పుడు ఏది ముందు కనపడితే అదే దాని రంగు. అయినా తేలకపోతే అది వంతెన లాగా పనికొస్తుంది, సగం ఎరుపు సగం పసుపు ఉన్నదాన్ని తీసుకెళ్ళి ఎరుపుకీ నారింజకీ మధ్యలో పెట్టండి, అక్కడ అది చక్కగా ఒదిగిపోతుంది.

ఇక వరస. ఇంద్రధనుస్సు వరస అందరికీ తెలిసిందే కానీ ఒక్కో రంగులో ఛాయలు వచ్చేసరికి చేతులు ఆగిపోతాయి, ఈ ఎరుపు ముందా ఆ ఎరుపు ముందా అని. నాకు సాయం చేసింది కూరగాయల బండి, చీరల షాపూ. ఎండుమిర్చి ఎరుపుతో మొదలుపెట్టి పండుమిర్చి, టమాటా, కనకాంబరం, క్యారెట్, మామిడిపండు, పసుపు, నిమ్మకాయ, చిలకపచ్చ, కరివేపాకు పచ్చ, నెమలికంఠం, ఆనంద బ్లూ, నేవీ బ్లూ, వంకాయ, చివర రాణీ పింక్. ఈ పేర్లు పైకి చదువుకుంటూ పుస్తకాల్ని పక్కపక్కన పెట్టుకుంటూ పొండి, ఎక్కడా ఆగరు. తెలుపూ క్రీమూ ఎడమ చివర, గోధుమరంగూ నలుపూ కుడి చివర.

నా 38 వెన్నున్న పుస్తకాల్లో లెక్క ఇలా వచ్చింది: ఎరుపు 11, నారింజ పసుపు కలిపి 8, ఆకుపచ్చ 7, తెలుపు 5, నీలం 3, నలుపు గోధుమ 3, వంకాయ రంగు 1. మీకూ ఇంచుమించు ఇలాగే ఎరుపు వైపు బరువు ఉంటే కంగారు పడకండి, వంట అంటే కారం రంగే వేస్తారు ఎక్కువమంది. ఒక్కటే ఉన్న రంగుని తీసుకెళ్ళి వేరేదాంట్లో కలపొద్దు, ఒక్కటున్నా దాని చోటు దానిదే.

స్టెప్ 5: "పచ్చ" అంటే ఏ రంగో ఇంట్లో అందరూ ఒక మాట అనుకోండి

ఈ ఒక్క స్టెప్ మాత్రం వదలొద్దు. సర్దిన వారానికి అమ్మ ఫోన్ చేసి "పచ్చట్ట పుస్తకంలో గోంగూర నిల్వ పచ్చడి ఉంటుంది, కొలతలు చదివి పెట్టు" అంది. నేను ఆకుపచ్చవి ఏడూ తిరగేశా, ఎక్కడా లేదు, అరగంట పోయింది. తీరా అడిగితే అమ్మ చెప్పిన పచ్చ అంటే పసుపు! పెద్దవాళ్ళకి పచ్చ అంటే పసుపే కదా, పచ్చకామెర్లు అంటాం, పచ్చటి మేని ఛాయ అంటాం, పసుపు రాసిన గడపని పచ్చగా ఉంది అంటాం. మళ్ళీ పచ్చిక అన్నా పచ్చటి పొలం అన్నా ఆకుపచ్చే. ఒకే మాట రెండు రంగులకీ నడుస్తోంది మన దగ్గర, అదేమీ తప్పు కాదు, మన భాషే అంత. కానీ షెల్ఫు ముందు నిలబడ్డప్పుడు ఇబ్బంది. ఇప్పుడు మా ఇంట్లో "పసుపు", "ఆకుపచ్చ" అని మాత్రమే అంటున్నాం, అమ్మ మాత్రం ఇంకా పచ్చే అంటుంది, ఆవిడ అంటే మాత్రం పసుపు అని నాకు తెలుసు.

అదే కారణంగా నంబర్లు వేసేటప్పుడు కూడా జాగ్రత్త. ప్రతి పుస్తకం మొదటి పేజీలో మూలన పెన్సిల్‌తో చిన్నగా రంగు అక్షరం, నంబర్ రాయండి, ఎ-1, ఎ-2 ఇలా. పసుపుకి "ప" ఇస్తే ఆకుపచ్చకి "ఆ" ఇవ్వండి. నారింజకి "నా", నీలానికి "నీ", నలుపుకి కూడా "న" ఇస్తే మూడూ కలిసిపోతాయి, అందుకని నేను నలుపుకి కాటుక "క" పెట్టా.

స్టెప్ 6: షెల్ఫు ఎక్కడ, ఎలా

స్టవ్ పక్కన వద్దు. తాలింపు పొగ రోజూ తగిలితే ఆర్నెల్లలో వెన్నులన్నీ జిడ్డోడుతాయి, తర్వాత దుమ్ము వచ్చి దాని మీద కూర్చుంటుంది. కిచెన్ గుమ్మం బయట, డైనింగ్ టేబుల్ దగ్గర గోడ మంచి చోటు. నేరుగా ఎండ పడే గోడ కూడా వద్దు, ముఖ్యంగా రంగుల ప్రకారం సర్దేవాళ్ళకి. అట్టలు అచ్చేసేది నాలుగు ఇంకులతో, వాటిల్లో ఎరుపునిచ్చే మెజెంటా, పసుపు ఇంకులు ఎండకి ముందు వెలిసిపోతాయి, నీలం ఇంకు నిలబడుతుంది. కిటికీ పక్కన రెండేళ్ళున్న నా పుస్తకం ఒకటి ముందు వైపు మంచి ఎరుపు, వెన్ను మాత్రం బూడిద కలిసిన నీలం, ఇప్పుడు దాన్ని ఎరుపులో పెట్టాలా ఎక్కడ పెట్టాలా. చివరికి వెన్ను మీద ఎర్ర కాగితం పట్టీ చుట్టి ఎరుపులోనే ఉంచా.

కొలత కోసం పుస్తకాల్ని నేల మీద ఒకదాని మీద ఒకటి పేర్చి టేపుతో ఎత్తు కొలవండి, అదే షెల్ఫు పొడవు. నాకు 31 అంగుళాలు వచ్చింది. దానికి ఐదారు అంగుళాలు కలుపుకోండి, కొత్తవి కొనకుండా ఉండలేం కదా. మామూలు డెమీ సైజు పుస్తకాలు 8.5 అంగుళాల ఎత్తు ఉంటాయి, నున్నటి కాగితం మీద ఫొటోలతో వేసిన పెద్దవి 11, 12 అంగుళాలు కూడా ఉంటాయి, చాలా బరువు. ఈ రెండు సైజుల్నీ ఒకే వరసలో పెడితే పళ్ళు ఊడిన దువ్వెనలా ఉంటుంది. అందుకని చిన్నవి పై అరలో, పెద్దవి కింది అరలో పెట్టి, పైన ఎరుపు ఎక్కడుందో కింద కూడా సరిగ్గా అక్కడే ఎరుపు వచ్చేట్టు సర్దండి. అప్పుడు దూరం నుంచి చూస్తే పై నుంచి కిందకి ఒకే రంగు పట్టీ లాగా కనపడుతుంది, సైజు తేడా కంటికే తగలదు.

పురుగుల కోసం కలరా ఉండలు వేయకండి, తిండి దగ్గర, పిల్లలు తిరిగే చోట అవి మంచివి కావు. నీడలో ఎండబెట్టిన వేపాకు గుడ్డ మూటలో కట్టి వెనకాల పెట్టండి, వానాకాలం వెళ్ళాక మార్చండి. గోడకీ పుస్తకాలకీ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉంటే చెమ్మ పట్టదు.

స్టెప్ 7: చుక్కలు, లిస్టు

రంగుల ప్రకారం పెడితే వెజ్, నాన్‌వెజ్ కలిసిపోతాయి అని మా అత్తగారికి అభ్యంతరం వచ్చింది, న్యాయమే. సరుకుల ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది చూడండి, అట్లాంటి స్టిక్కర్లు స్టేషనరీ షాపులో దొరుకుతాయి, శాకాహారం పుస్తకాల వెన్ను కింద ఒకటి అంటించా. ఇప్పుడు ఆవిడ చుక్క చూసి తీసుకుంటారు.

లిస్టు ఫోన్‌లో పెట్టుకోండి, మూడే గడులు: వంటకం, పుస్తకం, పేజీ. అన్ని వంటకాలూ ఎక్కించక్కర్లేదు, మీరు ఏడాదిలో మళ్ళీ మళ్ళీ చూసేవి పాతికో ముప్ఫయ్యో ఉంటాయి, అవి చాలు. "పూతరేకులు, ప-3, 41", "ఉలవచారు, ఎ-7, 18" ఇలా. పూర్తయ్యాక షెల్ఫు మొత్తం ఒక ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, వాడాక ఎవరు ఎక్కడ పెట్టాలో ఆ ఫొటోనే చెప్తుంది.

ఎవరైనా అడిగితే పుస్తకం ఇవ్వండి, కానీ ఆ ఖాళీలో అదే రంగు చీటీ ఒకటి నిలబెట్టి దాని మీద పేరు, తారీఖు రాయండి. మొన్న సంక్రాంతికి అరిసెల పాకం చూద్దామని వెళ్తే ఎరుపుల్లో ఐదో చోట పుస్తకం బదులు ఎర్ర చీటీ ఉంది, "వదిన, దీపావళి" అని. ఫోన్ చేస్తే "అయ్యో నా దగ్గరే ఉంది, పాకం కొలత ఫొటో తీసి పంపిస్తున్నా ఆగు" అని అప్పటికప్పుడు పంపింది, పుస్తకం మాత్రం కనుమ నాడు అరిసెల డబ్బాతో పాటు వచ్చింది.