పిల్లల పన్ను ఊడినా, విరిగినా మొదటి గంటలో ఏం చేయాలి?

తొమ్మిదేళ్ల పిల్లాడు బడిలో కబడ్డీ ఆడుతుంటే ఎదుటివాడి మోచేయి తగిలి, ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడిందనుకోండి. ఆ పన్ను మళ్లీ నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు ఆ గ్రౌండులోనే తేలిపోతుంది. అప్పుడు పక్కన ఉండేది పీఈటీ సారో, ఆయమ్మో, తోటి పిల్లలో. కింద చెప్పే పనులకు డాక్టరే అక్కర్లేదు. ఒక గ్లాసు పచ్చిపాలు, కాస్త నిదానం ఉంటే చాలు.

ముందు తల చూడండి

మూతికి గట్టిగా తగిలిందంటే తలకీ తగిలి ఉండొచ్చు. స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, మగతగా ఉన్నా, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం లేదా నీళ్లలాంటి ద్రవం కారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. నోరు తెరవలేకపోయినా, పళ్లు మునుపటిలా ఒకదానిమీద ఒకటి కూర్చోకపోయినా దవడ ఎముక విరిగిందేమో ఆస్పత్రిలో చూపించాలి.

ఊడిన పన్ను, విరిగిన ముక్క కనిపించకపోతే నేలమీద, చొక్కా మడతల్లో, చిట్లిన పెదవి లోపల వెతకండి. పంటిముక్క పెదవిలో దిగబడి, పైన కుట్లు పడ్డాక బయటపడిన సందర్భాలు ఉన్నాయి. ఎక్కడా దొరకలేదు, పైగా పిల్లాడు ఆపకుండా దగ్గుతున్నాడు, ఊపిరిలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి అంటే ముక్క ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందేమో ఎక్స్‌రే తీయించాలి.

ఊడింది పాలపన్నా, శాశ్వత పన్నా?

తర్వాత చేయాల్సిందంతా దీనిమీదే ఆధారపడుతుంది. ఆరేళ్లలోపు పిల్లల్లో ముందు పళ్లు దాదాపు ఎప్పుడూ పాలపళ్లే. పైవరస మధ్య రెండు శాశ్వత పళ్లు 7-8 ఏళ్లకు వస్తాయి. పాలపన్ను చిన్నది, పాలలా తెల్లగా ఉంటుంది. శాశ్వత పన్ను వెడల్పుగా, కాస్త పసుపు ఛాయలో ఉంటుంది. కొత్తగా వచ్చినదైతే అంచు రంపంలా గరుకుగా కూడా కనిపిస్తుంది.

పాలపన్నును తిరిగి పెట్టకూడదు. దాని వేరు పైనే శాశ్వత పంటి మొలక పెరుగుతుంటుంది. నొక్కితే ఆ మొలక దెబ్బతింటుంది. ఏ పన్నో అర్థం కాకపోతే తిరిగి పెట్టకుండా పాలలో వేసి తీసుకెళ్లండి. ఊడిన పాలపన్ను ఇంటికప్పు మీదికి విసరడం మనకు అలవాటే కానీ, డాక్టరు చూసేదాకా ఆ ముచ్చట వాయిదా వేయండి.

శాశ్వత పన్ను ఊడితే

1. పన్నును తెల్లటి పైభాగంతోనే పట్టుకోండి. వేరును ముట్టుకోవద్దు. వేరుమీద కంటికి సరిగా కనిపించని పల్చటి పొర ఉంటుంది, పన్నును ఎముకకు అంటిపెట్టేవి అందులోని కణాలే. మట్టి అంటుకుందని గుడ్డతో తుడిచినా, గోటితో గీకినా, సబ్బుతోనో డెటాల్‌తోనో కడిగినా అవి చచ్చిపోతాయి.

2. మట్టి ఉంటే చల్లని పాలతోనో సెలైన్‌తోనో ఒక్కసారి కడగండి. ఏదీ లేకపోతే కుళాయి కింద 10 సెకన్లకు మించకుండా పట్టండి.

3. పిల్లాడు తెలివిలో ఉండి, మాట వింటుంటే పన్నును అక్కడికక్కడే దాని గుంటలో పెట్టండి. ఉబ్బెత్తుగా, నున్నగా ఉండే వైపు పెదవి దిక్కుకు, లోపలికి గుంటగా ఉండే వైపు నాలుక దిక్కుకు రావాలి. వేలితో మెల్లగా నొక్కితే పక్క పళ్ల ఎత్తుకు దిగుతుంది. అడ్డం తగిలితే బలవంతం చేయొద్దు, ఎముక విరిగి ఉండొచ్చు.

4. శుభ్రమైన చేతిరుమాలు మడిచి పళ్లమధ్య పెట్టి కరిచి పట్టుకోమని చెప్పండి. అలాగే డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

చాలామంది మూడో మెట్టు దగ్గరే జంకుతారు. చేయి ఆడకపోతే పరవాలేదు. గుండెజబ్బు ఉన్న పిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకు ఎలాగూ ఇంట్లో పెట్టకూడదు. అలాంటప్పుడు పన్ను మునిగేంత పాలలో వేయండి. కాచని చల్లని ప్యాకెట్ పాలైతే మేలు. బడి ఎదుటి టీకొట్టులో అడిగితే పొయ్యిమీది వేడిపాలు పోస్తారు, అవి పనికిరావు, చించని ప్యాకెట్ అడగండి. చక్కెర కలిపిన పాలు, పెరుగు, మజ్జిగ వద్దు. పాలు దొరక్కపోతే పిల్లాడి చేతే చిన్న డబ్బాలో ఉమ్మించి అందులో వేయండి. బుగ్గలో దాచుకోమంటే చిన్నపిల్లలు మింగేస్తారు. మామూలు నీళ్లలో ఆ కణాలు నీరు పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి కాబట్టి నీళ్లు చివరి దారి మాత్రమే. అయినా పొడిగా ఉంచడం కన్నా నీళ్లే నయం. పన్నును కాగితంలోనో దూదిలోనో చుట్టి జేబులో వేసుకు రావడమే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే పొరపాటు.

15 నిమిషాల్లోపు తిరిగి పెడితే ఆ కణాలు బతికే అవకాశం ఎక్కువ. గంటసేపు ఆరిపోతే దాదాపు అన్నీ పోతాయి. అయినా పన్నును పారేయొద్దు. ఆలస్యంగా పెట్టిన పన్ను ఎప్పటికీ నిలవకపోవచ్చు గానీ కొన్నేళ్లు ఆ చోటునూ ఎముకనూ కాపాడుతుంది. దవడ ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) వేయరు కాబట్టి ఎదిగే పిల్లలకు ఆ కొన్నేళ్లే ముఖ్యం.

దారిలోనే క్లినిక్‌కు ఫోన్ చేసి మూడు ముక్కలు చెప్పండి: శాశ్వత పన్ను ఊడింది, ఇన్ని గంటలకు ఊడింది, ఇప్పుడు పాలలో ఉంది. అక్కడ పక్క పళ్లకు సన్నటి వైరుతో సాధారణంగా 2 వారాలు కట్టు వేస్తారు. వేరు పూర్తిగా పెరిగిన పంటికి ఆ 2 వారాల్లోపే రూట్ కెనాల్ మొదలుపెడతారు. వేరు కొస ఇంకా మూసుకోని చిన్నపిల్లల్లో రక్తప్రసరణ తిరిగి వస్తుందేమోనని ఆగి చూస్తారు. మట్టిలో పడింది కాబట్టి ధనుర్వాతం టీకా పడిందో లేదో చూడటానికి టీకాల కార్డు పట్టుకెళ్లండి. 5-6 ఏళ్లకు వేయాల్సిన డీపీటీ బూస్టరు, 10 ఏళ్లకు వేయాల్సిన టీడీ చాలామందికి తప్పిపోతుంటాయి.

విరిగినా, కదిలినా, లోపలికి దిగినా

విరిగిన ముక్కను నీళ్లలోనో పాలలోనో వేసి తీసుకెళ్లండి. చాలాసార్లు దాన్నే తిరిగి అతికిస్తారు, ఎండిపోతే రంగు కలవదు. విరిగినచోట మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తే లోపలి నరం బయటపడినట్టే, అదే రోజు చూపించాలి. శాశ్వత పన్ను వంగినా, పొడుగ్గా దిగినట్టు కనిపించినా అంతే, ఆగొద్దు.

పాలపన్ను చిగుళ్లలోకి దిగిపోయి కనిపించకుండా పోతే తల్లిదండ్రులు హడలిపోతారు. అది చాలావరకు 6 నెలల నుంచి ఏడాదిలో తనంతట తానే కిందికి వస్తుంది. అయినా డాక్టరుకు చూపించాలి. దెబ్బతిన్న పాలపన్ను కొన్ని వారాలకు బూడిదరంగుకు తిరిగితే అంతమాత్రాన పీకించనక్కర్లేదు. దానిపైన చిగురుమీద చీముపొక్కు వచ్చిందేమో మాత్రం కనిపెట్టుకుని ఉండండి.

పెదవి, నాలుక తెగితే

నోట్లో రక్తం ఉమ్ముతో కలిసి ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. మధ్యమధ్య తీసి చూస్తే గడ్డకట్టేది కూడా ఊడిపోతుంది. పసుపు, కాఫీపొడి పెట్టొద్దు. అంచులు విచ్చుకునేంత లోతుగా తెగినా, పెదవి అంచుగీత తెగినా కుట్లు కావాలి.

చార్జరు వైరు కొరికి పెదవి మూల కాలితే మాత్రం చిన్న మచ్చే కదా అని వదలొద్దు. వారం, రెండు వారాల్లో పైపొర ఊడేటప్పుడు ఒక్కసారిగా రక్తం చిమ్మే ప్రమాదం ఉంది.

అర్ధరాత్రి పంటినొప్పి

పళ్ల మధ్య ఇరుక్కున్నది దారంతో తీయండి. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలింపించండి. పారాసెటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలి. 20 కిలోల పిల్లకు 300 మిల్లీగ్రాములు, అంటే 5 మిల్లీలీటర్లలో 250 ఉన్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు. 125 ఉన్న సిరప్, చుక్కల మందు కూడా దొరుకుతాయి, లేబుల్ చదవకుండా పోయొద్దు. 4-6 గంటల ఎడంతో, రోజుకు 4 సార్లకు మించొద్దు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. జ్వరముండి డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్ కూడా వద్దు. లవంగనూనె చిగురును కాలుస్తుంది, చిన్నపిల్లలు మింగితే ప్రమాదం.

చెంప వాచి జ్వరం ఉంటే అదే రోజు చూపించాలి. వాపు కంటిదాకా పాకినా, దవడ కిందికి దిగినా, ఉమ్ము మింగలేకపోయినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్లండి. వేడి కాపడం పెట్టొద్దు, మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేయొద్దు.

దెబ్బ తగలకుండా

స్కూటీ ముందు నిలబెట్టిన పిల్లల మూతి సడన్ బ్రేకు వేస్తే నేరుగా హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. బడి కుళాయి దగ్గర వంగి తాగుతుంటే వెనకనుంచి తోసినా పళ్లు విరుగుతాయి. గ్లాసుతో తాగే అలవాటు చేస్తే ఆ బెడద తప్పుతుంది. చక్రాల వాకర్ కొనకండి. కెనడా 2004లోనే వాటిని నిషేధించింది.

పిప్పిపళ్ల సంగతి పొడిపొడిగా: పడుకునేటప్పుడు పాలసీసా వద్దు. ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్లలోపు బియ్యపుగింజంత, తర్వాత ఆరేళ్లదాకా బఠాణీగింజంత. నల్గొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు తాగే ఊళ్లలో ఏ పేస్టు వాడాలో డెంటిస్టును అడగండి.

పళ్లు ముందుకు పొడుచుకొచ్చిన పిల్లలకు దెబ్బలు ఎక్కువ తగులుతాయి, వాళ్లను ముందుగానే చూపించండి. కబడ్డీ, హాకీ, స్కేటింగ్ ఆడేవాళ్లకు మౌత్‌గార్డ్ (దెబ్బ తగలకుండా పళ్లకు వేసుకునే తొడుగు) కావాలి. వేడినీళ్లలో ముంచి కరిపించే రకం తక్కువ ధరకే దొరుకుతుంది. నోరు కాస్త తెరిస్తే జారిపడుతోందంటే కొలత సరిపోలేదన్నమాట. పళ్లు మారే వయసులో ఏటా చూసి మార్చాల్సి వస్తుంది.