చీజ్ క్రాకర్స్ సరిగా రావడం లేదా? అనంతపురం ఎండకు తగ్గ పరిష్కారాలు

ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొయ్యిగట్టు మీద పెట్టిన వెన్న చూస్తుండగానే జారిపోతుంది. మన దగ్గర చీజ్ క్రాకర్స్ (చీజ్ వేసి కాల్చే కరకరలాడే ఉప్పు బిస్కెట్లు) చెడిపోవడం చాలావరకు అక్కడే మొదలవుతుంది. అందుకే ఓవెన్‌ను అనుమానించే ముందు పిండి ఎంత చల్లగా ఉందో చూడండి.

నేను వాడే కొలత ఇది: తురిమిన చెడార్ చీజ్ 200 గ్రాములు, మైదా 120 గ్రాములు, వెన్న 50 గ్రాములు, చిటికెడు ఉప్పు, అర స్పూను కారం, ఫ్రిజ్ నీళ్లు రెండు స్పూన్ల వరకు.

ట్రేలో నూనె కక్కి పరుచుకుపోతున్నాయి

కారణం: ఓవెన్‌లోకి వెళ్లకముందే వెన్న కరిగిపోయింది. వెన్న 32-35 డిగ్రీలకే కరుగుతుంది, వేసవి మధ్యాహ్నం మన వంటిల్లు అంతకంటే వేడిగా ఉంటుంది. అరచేత్తో పిసికితే ఆ వేడి కూడా తోడవుతుంది.

పరిష్కారం: ఈ పని పొద్దున్నే పెట్టుకోండి. చీజ్ తురిమి, వెన్న ముక్కలు కోసి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి. బాగా చల్లబడ్డాక మైదాలో వేసి వేళ్ల కొసలతోనే రవ్వలా కలపండి. నీళ్లు ఒక్కో స్పూనే పోయండి, ముద్ద కట్టగానే ఆపేయండి. ముద్దను పలచగా అదిమి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. లావుగా ఉంటే లోపలిదాకా చల్లబడదు. ఒత్తి, ముక్కలు కోశాక ట్రేతో సహా ఇంకో 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. తొందరలో ఈ ఒక్కటి మాత్రం వదిలేయకండి.

ఒత్తుతుండగా పిండి నిగనిగలాడుతూ కర్రకు అంటుకుంటోందంటే నూనె బయటికి వస్తోందన్నమాట. అప్పుడు చాలామంది పొడి మైదా చల్లి లాక్కొస్తారు. అలా చేస్తే క్రాకర్ కరకరలాడదు, గట్టిపడుతుంది. పిండిని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టడమే మందు.

పైన ఎర్రబడ్డాయి, లోపల మెత్తగానే ఉన్నాయి

ముందు మందం చూడండి. 3 మిల్లీమీటర్లు మించకూడదు, అంతటా ఒకేలా ఉండాలి. ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌ను) 180 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ముందే వేడి చేయండి. ట్రేను మధ్య అరలో పెట్టి సగం టైమ్ అయ్యాక అటుదిటు తిప్పండి. పై రాడ్‌కు దగ్గరగా ఉంటే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. 12-15 నిమిషాలకు అంచులు బంగారు రంగులోకి వస్తాయి, అప్పుడే తీసేయాలి. ముదురు ఎరుపు దాకా ఉంచితే చీజ్, కారం రెండూ చేదెక్కుతాయి. వేడి ట్రేలోనే వదిలేయకండి, అడుగున ఆవిరి పట్టి మెత్తబడతాయి. జాలీ మీద ఆరబెడితేనే కరకర వస్తుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా మెత్తగానే ఉంటే లోపం చీజ్‌లో ఉంది. పిజ్జాకు వాడే మొజరెల్లాలో నీరు ఎక్కువ, క్రాకర్స్‌కు అది పనికిరాదు. మన ఊళ్లలో సులువుగా దొరికేది ప్రాసెస్డ్ చీజ్ క్యూబ్‌లే కాబట్టి అవే వాడాల్సి వస్తే నీళ్లు, ఉప్పు మానేసి ఇంకో రెండు మూడు నిమిషాలు కాల్చండి. రుచి కాస్త చప్పగా ఉన్నా కరకరలాడతాయి.

పూరీల్లా ఉబ్బుతున్నాయి

నిప్పట్లకు గుచ్చినట్టే ప్రతి ముక్క మధ్యలో ఫోర్క్‌తో గుచ్చండి. ఆవిరికి దారి దొరుకుతుంది.

ఒత్తుతుంటే అంచులు పగులుతున్నాయి

ఫ్రిజ్‌లోంచి తీయగానే ఒత్తితే ఇలా అవుతుంది, ఐదు నిమిషాలు ఆగండి. అయినా పగిలితే తడి చాలలేదు, ఒక స్పూను చల్లటి నీళ్లు చిలకరించండి. జొన్నపిండి కలిపేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. మైదాకు సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ అందులో ఉండదు కాబట్టి పట్టు నిలవదు. మైదాలో నాలుగో వంతు మించకుండా కలిపితే విరగకుండా వస్తాయి, జొన్న కమ్మదనం చీజ్‌తో బాగా కుదురుతుంది కూడా.

మరుసటి రోజుకే మెత్తబడుతున్నాయి

గోరువెచ్చగా ఉండగానే డబ్బాలో వేసి ఉంటారు. పూర్తిగా చల్లారాకే గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. ముసురు రోజుల్లో మెత్తబడితే 150 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు వేడి చేసి, మళ్లీ జాలీ మీద ఆరనివ్వండి.