.32 పిస్టల్ లైసెన్సు: అడ్వాన్సు కట్టే ముందు ఫారంలో ఆ ఒక్క గడి చూసుకోండి

ముందు లైసెన్సు, ఆ తర్వాతే పిస్టల్. ఈ వరస తిరగేయించే మధ్యవర్తులు ఉన్నారు. "మంచి ఫారిన్ పీసు ఉంది, అడ్వాన్సు ఇవ్వండి, లైసెన్సు సంగతి నేను చూసుకుంటా" అంటారు. ఆ మాట నమ్మి లైసెన్సు రాకముందే పిస్టల్ ఇంట్లో పెట్టుకుంటే అది ఆయుధాల చట్టం కింద నేరం. 2019 సవరణ తర్వాత మామూలు బోరు (గొట్టం లోపలి వెడల్పు, .32 లాంటిది) ఆయుధానికైనా శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు.

21 ఏళ్లు నిండినవాళ్లు ఆయుధ లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైటు ఎన్‌డాల్-అలిస్ పోర్టల్‌లో ఫారం ఎ-1 నింపాలి. ఫొటోలు, ఆధార్, పుట్టిన తేదీ, చిరునామా రుజువులు మామూలే. హైదరాబాద్ లాంటి కమిషనరేట్‌లో పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్ లైసెన్సు ఇస్తారు.

తడబడేది ఆయుధం వివరాల గడి దగ్గర. సినిమాల్లో చూసిన గ్లాక్ మనసులో పెట్టుకుని "9 ఎంఎం పిస్టల్" అని రాస్తారు. మన దగ్గర 9 ఎంఎం నిషిద్ధ బోరు. అది కేంద్ర హోంశాఖ పరిధి, కలెక్టర్ చేతిలో లేదు. ఆత్మరక్షణకు అడిగే మామూలు దరఖాస్తులో .32 రాయండి. పిస్టలా, రివాల్వరా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. లైసెన్సులో రివాల్వర్ అని పడితే దాని మీద పిస్టల్ కొనలేరు, మళ్లీ మార్పు కోసం తిరగాల్సిందే. రెండూ .32 అయినా తూటాలు వేరు, ఒకదానివి ఇంకోదానికి పనికిరావు.

బ్రాండు, ధర లెక్క కూడా ఇక్కడే వేసుకోవడం మంచిది. మామూలు పౌరులకు విదేశీ పిస్టళ్ల దిగుమతి 1980ల నడుమ నుంచి ఆగిపోయింది. డీలర్ల దగ్గర కనిపించే వాల్తర్, బ్రౌనింగ్ .32లు దాదాపు అన్నీ అంతకుముందు వచ్చి చేతులు మారుతున్నవే. కొత్త దేశీ .32 పిస్టల్ "అశని"కి ఎన్నో రెట్లు పలికే ఆ ధర కొరతది. పేరు గొప్పదే, కానీ మీరు కొనేది నలభై ఏళ్లు దాటిన స్ప్రింగును. రికాయిల్ స్ప్రింగు (పేలాక వెనక్కి వెళ్లిన పైభాగాన్ని ముందుకు తోసేది) సాగిపోయినా, తూటాలు నింపే మ్యాగజీన్ పెదవులు (పై అంచులు) వంగినా తూటా చాంబర్‌లోకి (పేలే గదిలోకి) ఎక్కక ఇరుక్కుంటుంది. పైగా .32 పిస్టల్ తూటాకు అడుగున సన్నని అంచు ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ బిగుసుకుంటాయి. అశని ప్రభుత్వ ఫ్యాక్టరీ సరుకు. ఫినిషింగు అంత నాజూకు కాదు, కానీ బిల్లుతో కొత్తది దొరుకుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు అదే మేలు.

పాతదే కావాలంటే పిస్టల్ మీది నంబరును అమ్మేవాడి లైసెన్సులోని నంబరుతో అంకె అంకె సరిచూడండి. గీకి కొట్టినట్టుంటే ఎంత చవకైనా వద్దు. డీలర్ ద్వారా కాకుండా నేరుగా కొంటే, అమ్మేవాడు 45 రోజుల ముందే కలెక్టర్‌కో పోలీస్ స్టేషన్‌కో రాసి ఇచ్చి ఉండాలి.

కాగితాల్లో వెనక్కి వచ్చేది ఎక్కువగా వైద్య సర్టిఫికెట్. మామూలు ఫిట్‌నెస్ చీటీ చాలదు. శరీరం, మనసు రెండూ బాగున్నాయని, మత్తుకు బానిస కాదని ఫారం ఎస్-3లోనే డాక్టర్ రాయాలి. ఆయుధ శిక్షణ సర్టిఫికెట్ ఎస్-1 వేరే.

"ప్రాణభయం" అన్న ఒక్క మాట రాసి వదిలేస్తే పోలీసు విచారణలో నిలవదు. బెదిరింపుపై ఫిర్యాదు కాపీ, రాత్రిళ్లు నగదు తీసుకెళ్లాల్సిన వ్యాపారమైతే దాని కాగితాలు జతచేయండి. పోలీసు నివేదికకు గడువు 30 రోజులు. గడువులో రాకపోతే దానికోసం ఆగకుండా నిర్ణయం తీసుకునే వీలు చట్టంలోనే ఉంది, ఆ మాట మర్యాదగా రాసి ఇవ్వొచ్చు.

"ఆస్తి చూపించకపోతే రాదు, నేను చూపిస్తా" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని ఆయుధాల చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. వేరే రాష్ట్రం నుంచి లైసెన్సు తెప్పిస్తామన్నా అంతే. జమ్మూ కశ్మీర్‌లో అలా ఇచ్చిన లైసెన్సులపై సీబీఐ కేసులు నడిచాయి. జాతీయ డేటాబేస్‌లో యూఐఎన్ (విశిష్ట గుర్తింపు) నంబరు లేని లైసెన్సు చెల్లదు.

నిరాకరిస్తే కారణం రాతలో అడిగి తీసుకుని అప్పీలు చేసుకోండి. లైసెన్సు చేతికొస్తే అందులో రాసిన గడువులోపు కొని, ఆయుధం చూపించి నంబరు ఎక్కించుకోవాలి. చెల్లుబాటు ఐదేళ్లు. ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో, తూటాలు ఒకసారికి ఎన్నో, ఏడాదికి ఎన్నో అందులోనే ఉంటుంది, కౌంటర్ దగ్గరే చదువుకోండి.